లంకెబిందెల్లో రోమన్ కాసులు: దొరికితే ఏం చేయాలి? సేకరించాలంటే ఎలా?

అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల లంకెబిందెల కథ వినని ఇల్లు ఉండదు. ఫలానా వారి పొలంలో బిందె దొరికిందట, రాత్రికి రాత్రే కరిగించేశారట అని పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. ఇప్పుడు నాగలి కంటే ప్రొక్లెయిన్ లోతుగా తవ్వుతోంది. కొల్లేరు వైపు చేపల చెరువులకు, ఊళ్లలో ఇళ్ల పునాదులకు రోజూ మట్టి లేస్తూనే ఉంది. ఆ మట్టిలో పాత కుండ పెంకు రావచ్చు, పూస రావచ్చు, ఎవరో తెలియని రాజు తలకాయ ఉన్న నాణెమూ రావచ్చు. మరోవైపు ఫోన్ తెరిస్తే చాలు, పాత నాణేలు లక్షలకు కొంటామనే ప్రకటనలు. ఈ రెండింటి మధ్య మామూలు కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మన తెలుగు నేలలో దొరికిన రోమన్ వస్తువుల కథతోనే మొదలుపెడదాం.

నెల్లూరు రైతు, ఆర్కాటు నవాబు

1785-86 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే శిథిలమైన చిన్న గుడి, దాని కింద ఓ చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు. అవి క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమన్ చక్రవర్తుల కాసులు. రైతుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కంసాలి మూసలోకి పోయాయి.

అప్పటికి నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజా ఏలుబడిలో ఉండేది. ఆయన కుమారుడు అమీరుల్ ఉమరా సంగతి తెలుసుకుని, కరగకుండా మిగిలిన వాటిలో ముప్ఫైకి పైగా కాసులను తిరిగి రాబట్టాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలోంచి రెండు ఎంచుకునే అవకాశం దక్కింది. ఆయన హేడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫౌస్టినా రాణిది ఒకటి తీసుకుని, ఆ వివరాలను కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి ఉత్తరం రాశాడు. కొన్ని కాసులు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు కొత్తగా ఉన్నాయని, కొన్ని అరిగిపోయి కన్నాలు పడి ఉన్నాయని, వాటిని దండకో మెడకో నగగా కట్టుకుని ఉంటారని అందులో చెప్పాడు.

ఈ కథలో మనకు కావలసిన పాఠం ఉంది. కరిగిన కాసు తులాల లెక్కలో బంగారమే. కరగని కాసు మాత్రం మన తీరానికీ రోమ్‌కూ నడిచిన వ్యాపారానికి సాక్షి. నవాబు వెంటపడి తెప్పించకపోతే ఆ సాక్ష్యమూ మిగిలేది కాదు.

రోమన్ సొమ్ము ఇక్కడికి ఎందుకు వచ్చింది?

మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ఒక నౌకా వ్యాపార గ్రంథం తూర్పు తీరంలోని ‘మసాలియా’ అనే ప్రాంతాన్ని పేర్కొంటుంది. అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. రెండో శతాబ్దపు టాలెమీ దాన్నే ‘మైసోలియా’ అన్నాడు. అది మన కృష్ణా, గోదావరి మధ్య డెల్టా ప్రాంతం అని చరిత్రకారుల మాట. టాలెమీ చెప్పిన ‘కొంటకొస్సిల’ కృష్ణా జిల్లా ఘంటసాల అని గుర్తించారు. అంటే అత్తిలి, ఏలూరు, కొల్లేరు ఉన్న ఈ డెల్టా ఆ రోజుల్లోనే విదేశీ ఓడలకు తెలిసిన చోటు. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహలు ఆ కాలపు బౌద్ధ కట్టడాలే. ఏలూరు పక్కనున్న పెదవేగి ఆ తర్వాత వేంగి రాజధాని అయింది.

బట్టలు, మిరియాలు, రత్నాలు, దంతం ఇక్కడి నుంచి పోతే బదులుగా బంగారం, వెండి, ద్రాక్షసారా వచ్చాయి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌ల సొమ్ము లాక్కుపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. 100 సెస్టెర్స్‌లు ఒక బంగారు కాసు. లెక్క కడితే 5 లక్షల కాసులు! ఆ అంకె ఎంతవరకు నిజమో గానీ, వాళ్ల గుండె మంట మాత్రం నిజమే. ఇటు నుంచి పోయిన వస్తువులూ అక్కడ దొరికాయి. 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేయి నగరంలో ఏనుగు దంతంతో చేసిన భారతీయ స్త్రీ బొమ్మ 1938లో బయటపడింది.

దీనార్ అనే మాట

రోమన్ వెండి నాణెం పేరు ‘దెనారియస్’. ఆ మాటే తూర్పుకు నడిచి మన దేశంలో ‘దీనారం’ అయింది, అరబ్బీలో ‘దీనార్’ అయింది. నాగార్జునకొండలోని ఒక శాసనం ఉజ్జయిని రాజు కూతురు అయిన రాణి 170 ‘దీనారి మాషకాలు’ దానం ఇచ్చినట్టు చెబుతుంది. దిర్హమ్ అనే మాట గ్రీకుల ‘ద్రాఖ్మా’ నుంచి వచ్చింది. ఖుర్‌ఆన్‌లో దీనార్ ప్రస్తావన ఆలి ఇమ్రాన్ సూరాలో, దిర్హముల ప్రస్తావన యూసుఫ్ సూరాలో ఉన్నాయి. తొలి ముస్లిములు రూమీ బంగారు నాణేలనూ, పర్షియా వెండి నాణేలనూ వాడారు. హిజ్రీ 77లో ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే ఉన్న దీనార్ ముద్రించాడు. కువైట్‌లో పనిచేసే మన పిల్లలు జీతం దీనార్లలో తీసుకుంటున్నారంటే, రెండు వేల ఏళ్ల నాటి రోమ్ మాట ఇంకా చెల్లుబాటులో ఉన్నట్టే కదా.

తెలుగు నేలలో ఏమేమి దొరికాయి?

నాణేలు: నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో పదిహేను వందలకు పైగా వెండి దెనారియస్‌లు ఒకే నిధిగా దొరికాయి. 1889లో వినుకొండలో 15 బంగారు కాసులు దొరికాయి. నాగార్జునకొండలో, విశాఖపట్నం దగ్గరి తొట్లకొండ బౌద్ధారామంలో కూడా రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఎక్కువగా కనిపించేవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు. 64లో నీరో వెండి పాలు తగ్గించాక ముద్రించిన దెనారియస్‌లు మన దేశంలో తక్కువ. అంటే మన వ్యాపారి అప్పట్లోనే వెండి స్వచ్ఛత చూసుకుని తీసుకునేవాడన్న మాట.

నగలు: రోమన్ కాసులకు పైన రెండు చిన్న కన్నాలు వేసి, లేదా వెనక కొక్కెం అతికించి మెడలో వేసుకోవడం ఇక్కడి అలవాటు. మన కాసులపేరు, హైదరాబాదీ అష్రఫీ హారం ఎలాగో అలాగన్న మాట. అసలు కాసు దొరకని చోట బంగారు నకలు చేయించుకున్నారు. బంగారం కూడా లేనివాళ్లకు మట్టి నకలు ఉండేది. మెదక్ సీమలోని కొండాపూర్‌లో టైబీరియస్ నాణెం అచ్చుతో చేసిన మట్టి బిళ్లలు దొరికాయి. పేదింటి కాసులపేరు అనుకోవచ్చు.

కుండలు, రోజువారీ వస్తువులు: రోమన్ల ‘ఆంఫోరా’ రెండు చెవులు, సన్నని మెడ, మొనదేలిన అడుగు ఉన్న పొడవాటి జాడీ. ద్రాక్షసారా, ఆలివ్ నూనె, చేపల పులుసు అందులో వచ్చేవి. ఇటలీలో వెసూవియస్ ప్రాంతపు ఆంఫోరా పెంకు విరిగిన అంచు చూస్తే నల్లటి గాజులాంటి ఇసుక రేణువులు మెరుస్తాయి. ఇంకో రకం ఉంది. నున్నని పలుచని పళ్లెం, లోపల అడుగున చక్రంతో అద్దినట్టు చిన్న చిన్న గుర్తుల వరసలు. దీన్ని ‘రౌలెటెడ్’ పాత్ర అంటారు. అమరావతిలో, శాలిహుండంలో ఇలాంటివి దొరికాయి. 1945లో అరికమేడు తవ్వకాల తర్వాత చాలాకాలం దీన్ని రోమ్ సరుకనుకున్నారు. మట్టిని పరీక్షించాక ఇది మన దేశంలోనే తయారైందని తేలింది. అందుకే చూడగానే ‘రోమన్’ అని తీర్మానించకూడదు. పక్క రాష్ట్రంలో కొల్హాపూర్ దగ్గర సముద్రదేవుడు పొసైడన్ కంచు బొమ్మ, కంచు కూజా దొరికాయి. అవి అసలు దిగుమతులు.

ఈ చరిత్రను వెలికితీసిన వారిలో మనవాళ్లూ ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని మొదటి అధిపతి గులాం యజ్దానీ. 1940ల తొలినాళ్లలో కొండాపూర్ తవ్వకాలు ఆయన హయాంలోనే జరిగాయి. తర్వాత ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్లలో మునగకముందు అక్కడ తవ్వించి గ్రంథం రాసిన వారు ముహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్. ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో రాసిన పుస్తకం ఇప్పటికీ సేకర్తలకు ఆధారం.

దొరికితే చట్టం ఏమంటుంది?

‘నా పొలంలో దొరికింది, నాదే’ అనుకుంటారు చాలామంది. అలా కాదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. దాని సారాంశం ఇది:

1. మట్టిలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. వస్తువును ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు తెచ్చిచ్చేలా హామీ ఇవ్వాలి.

2. కలెక్టరు ప్రకటన ఇస్తారు. హక్కుదారులు ఎవరైనా ఉంటే రావడానికి 4 నుంచి 6 నెలల మధ్య ఒక తేదీ పెడతారు.

3. హక్కుదారు ఎవరూ లేరని తేలితే ఆ నిధి దొరికినవారికి చెందుతుంది. భూమి వేరేవారిదై, వారు హక్కు అడిగితే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు.

4. ప్రభుత్వం కావాలనుకుంటే దాన్ని తీసుకోవచ్చు. అప్పుడు లోహం విలువ, దానిపై మరో ఐదో వంతు కలిపి చెల్లించాలి.

5. తెలియజేయకుండా దాచినా, గుర్తుపట్టకుండా మార్చినా ఆ వాటా ప్రభుత్వానికి పోతుంది. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కరిగించడం కూడా మార్చడమే. తెలిసి సహకరించిన భూమి యజమానికి ఆరు నెలల వరకు శిక్ష ఉంది.

కాబట్టి నిజం చెప్పినవాడికి నష్టం లేదు. నష్టమంతా దాచినవాడికే. ఏదైనా కనిపిస్తే మిషన్ ఆపండి. వస్తువును కదపకముందే, పక్కన స్కేలో అగ్గిపెట్టెనో పెట్టి ఫోటో తీయండి. ఎంత లోతులో ఉందో రాసుకోండి. కుండలో ఉంటే కుండతో సహా ఉంచండి. తహసీల్దారుకు, కలెక్టరేట్‌కు రాసి, ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. గుంటుపల్లి లాంటి రక్షిత స్థలాల్లో అయితే తవ్వడమే నేరం. కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం.

షరీఅత్‌లో కూడా దీనికి లెక్క ఉంది. ఇస్లామ్‌కు ముందు కాలపు పాతిన నిధిని ‘రికాజ్’ అంటారు. దానిలో ఐదో వంతు, అంటే ఖుమ్స్, తీయాలని హదీసుల్లో ఉంది. ముస్లిమ్ పాలకుల కాలపు గుర్తులున్న సొమ్మయితే అది పోగొట్టుకున్నవారి సొమ్ము కింద, ‘లుఖతా’గా చూస్తారు. మిగిలిన వివరాలకు దగ్గరలోని ముఫ్తీ సాహెబును అడగడం మంచిది. చట్టాన్ని కప్పిపుచ్చి దాచుకున్నది అమానత్ అనిపించుకోదన్నది మాత్రం ఎవరైనా ఒప్పుకునే మాట.

సేకరించాలనే సరదా ఉంటే

పాత వస్తువులు సేకరించడం తప్పు కాదు. దారి సరిగా ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం, నగ లాంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు చాలు. వీటిని అమ్మే వ్యాపారికి భారత పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి. శిల్పాలు, చిత్రపటాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటి కొన్ని రకాలను ఇంట్లో ఉంచుకున్నా రిజిస్టర్ చేయించాలి. పురావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు. ‘దుబాయ్‌లో బాబాయ్ ఉన్నాడు, పంపిస్తే మంచి రేటు వస్తుంది’ అనే మాట విని పంపేవాడు జైలుకే టికెట్టు తీసుకున్నట్టు.

బయటి దేశాల్లో కొనేటప్పుడూ జాగ్రత్త. ఈజిప్టులో, టర్కీలో 1983 నుంచి కఠినమైన చట్టాలున్నాయి. జియారత్‌కు పోయినప్పుడు ఎవరైనా ‘ఇది రోమన్ దీపం, తవ్వకంలో వచ్చింది’ అని చేతిలో పెడితే, అసలైతే నేరం, నకిలీ అయితే డబ్బు దండగ. ఎటు చూసినా కొనకపోవడమే మంచిది. బ్రిటన్‌లో వేరే పద్ధతి ఉంది. అక్కడ మామూలు జనం దొరికిన వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేయించే పథకం 1997 నుంచి నడుస్తోంది. ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. దాచకుండా చెప్పడం వల్ల చరిత్ర ఎంత పెరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

కొనేటప్పుడు బిల్లు, అమ్మినవారి లైసెన్సు, ఆ వస్తువు ఎక్కడి నుంచి ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న కాగితం అడగండి. ఆ చరిత్ర చెప్పలేనివాడి దగ్గర కొనకండి. బంగారు కాసులు కొంటే అవి జకాత్ లెక్కలోకి వస్తాయన్నదీ గుర్తుంచుకోవాలి. తొలి కాలపు రోమన్ బంగారు కాసు ఒక్కోటి 7 గ్రాములకు పైనే ఉంటుంది.

నకిలీని ఎలా పట్టాలి?

తూకం: అగస్టస్ కాలపు బంగారు కాసు సుమారు 7.8 గ్రాములు, వెండి దెనారియస్ సుమారు 3.9 గ్రాములు. తర్వాత కాలంలో కొంత తగ్గాయి. తూకంలో మరీ తేడా ఉంటే అనుమానించాలి.

అంచు: ఆ నాణేలను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే అంచు వంకరగా, చిన్న పగుళ్లతో ఉంటుంది. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే, పైన సూదిమొన లాంటి గుంటలుంటే అది పోత పోసింది.

రాత: రోమన్ నాణెం మీద క్రీస్తుశకం సంవత్సరం ఉండదు. ‘క్రీస్తుపూర్వం 50’ అని రాసి ఉన్న నాణెం ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి. క్రీస్తు పుట్టకముందే ఆ సంగతి ఎలా రాస్తారు?

అయస్కాంతం: బంగారం, వెండి, రాగి అంటుకోవు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే.

ఒక గుర్తు మాత్రం భయపెట్టనక్కరలేదు. మన దేశంలో దొరికిన కొన్ని రోమన్ కాసుల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. అది ఆ కాలంలోనే వేసింది.

ఇక మోసాల సంగతి. ‘786’ నెంబరు నోటుకు లక్షలిస్తామని, పాత నాణెం కొంటాం గానీ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలని చెప్పేవాళ్లు డబ్బు గుంజుకుని మాయమవుతారు. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, కమీషన్లు అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఈస్టిండియా కంపెనీ పేరుతో దేవుళ్ల బొమ్మలున్న రాగి బిళ్లలు కంపెనీ నాణేలే కావు. బియ్యాన్ని లాగే ‘రైస్ పుల్లింగ్’ చెంబు అనేది పూర్తి బూటకం.

ఇంట్లో ఎలా దాచాలి?

పాత నాణేన్ని చింతపండుతో, నిమ్మకాయతో తోమకండి. పైనున్న పొర పోతే విలువా పోతుంది. అంచులు పట్టుకునే చూడండి. మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెడితే జిగురు పట్టి పాడవుతుంది. యాసిడ్ లేని కాగితపు కవరు మంచిది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. రాగి, కంచు వస్తువు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. అన్నిటికన్నా ముఖ్యం ఒక నోటుపుస్తకం. ప్రతి వస్తువుకు నెంబరు, ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎప్పుడు అని రాయండి. రాత లేని వస్తువు ఊరూ పేరూ లేని బాటసారి లాంటిది.

రోమన్ వస్తువే కావాలని లేదు. నానీ అమ్మ పాన్‌దాన్, దాదా హజ్రత్ బిద్రీ ఉగాల్‌దాన్, హాలీ సిక్కా రూపాయి, అటక మీది చేతిరాత ఖుర్‌ఆన్ ప్రతి కూడా చరిత్రే. వాటిని తుక్కు కింద అమ్మేముందు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వాటి కథ రాసి పెట్టుకోండి.

ఎక్కడ చూడవచ్చు?

సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లడానికి హైదరాబాద్ నాంపల్లిలోని రాష్ట్ర మ్యూజియం, కొండాపూర్ మ్యూజియం, నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలు, విజయవాడ బాపు మ్యూజియం ఉన్నాయి. దక్షిణాదిన దొరికిన రోమన్ నాణేల పెద్ద సేకరణ చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దగ్గరలో అయితే ముందు గుంటుపల్లి, పెదవేగి చూడండి. పుస్తకంలో చదివిన వేంగి ఏలూరు పక్కనే ఉందని తెలిస్తే పిల్లలు కాళ్ల కింది మట్టిని వేరే కళ్లతో చూస్తారు. రేపు చెరువు గట్టు మీద ఓ బిళ్ల కనిపిస్తే కంసాలి దగ్గరకు పోకుండా, ముందు మీ దగ్గరకు తెస్తారు.